హెలికాప్టరు గాలిలో నిలుచు విధము

ద్వారకా నగర్, విశాఖపట్టణము.

కోర్టు పనికో, ఆసుపత్రికో, వ్యాపారమునకో విశాఖపట్టణమునకు వచ్చు మనవారిలో పెక్కుమంది ద్వారకా బస్సు స్టేషనునందే దిగుదురు. సంచి భుజమున వేసికొని అచట నిలిచియుండగా తలపై గడగడమను ధ్వని వినవచ్చుటయు, తల యెత్తి చూచినచో హెలికాప్టరొకటి సముద్రము వైపునకు పోవుచుండుటయు అపూర్వము గాదు. నగరమునకు పడమట, విమానాశ్రయమును ఆనుకొని నావికాదళమువారి వైమానిక స్థావరము గలదు. అది 1991 అక్టోబరు 21వ తేదీన ఏర్పడినది. దాని పేరు "డేగ". ఆ పేరు మన తెలుగు చెవికి పరాయిది గాదు. 2022లో ధ్రువ్ జాతి హెలికాప్టర్లతో 324వ దళము ఇచటనే స్థాపింపబడినది.

ఱెక్కలు చాచి నేలపై పరుగెత్తి పైకి లేచు విమానమును గ్రద్దతో పోల్చవచ్చును. హెలికాప్టరట్లు గాదు. చెఱువుపై లకుముకిపిట్ట ఱెక్కలల్లార్చుచు ఒకేచోట నిలిచి చేపను చూచునట్లు, ఇది పరుగు లేకయే లేచి, ఆకాశమున కదలక నిలువగలదు. నాలుగైదు టన్నుల యినుము దేనిని పట్టుకొని నిలుచుచున్నది?

ఇది కేవలము వినోదార్థమైన ప్రశ్న గాదు. తుపానులు, వఱదలు మన కోస్తాకు క్రొత్త గావు. నీట చిక్కుకొన్నవారికి ఆకాశమునుండి దిగు త్రాడే తుది యాధారమగు దినములు వచ్చుచున్నవి. ఆ యంత్రము ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో యెఱిగిన గ్రామమునకు, ఎఱుగని గ్రామమునకు ప్రాణములంత భేదము గలదు.

గాలికి గల బరువు

కళ్ళములో చేటతో గాలి విసరినవారికి ఒక సంగతి అనుభవమే. చేటను ముందునకు విసరునప్పుడు చేతిపై వెనుకకు ఒత్తిడి కలుగును. మనము గాలిని నెట్టుచున్నాము. గాలి మనలను నెట్టుచున్నది. ఏలయన గాలికిని బరువు గలదు. మన ప్రాంతమున ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగును. చేటను వెల్లకిల త్రిప్పి క్రిందికి విసరినచో ఒత్తిడి పైకి కలుగును. హెలికాప్టరు రహస్యమంతయు ఇంతియే. గాలిని క్రిందికి త్రోయుచు, ఆ ప్రతిఫలమున తాను పైన నిలుచును.

ఎంత గాలిని త్రోయవలెనో లెక్క చూతము. చేతక్ అను చిన్న హెలికాప్టరు మన దేశమున చిరకాలముగా నడచుచున్నది. దాని చక్రమునకు మూడు ఱెక్కలు. అడ్డుకొలత సుమారు 11 మీటర్లు. నిండు బరువు 2,200 కిలోలు. ఇది ఆకాశమున నిలిచియుండుటకు ప్రతి సెకనునకు సుమారు 1,100 కిలోల గాలిని క్రిందికి త్రోయవలెను. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు సుమారు పదునైదింటి బరువు గల గాలిని ప్రతి సెకనునకు ఎత్తిపోయుచుండవలెను. ఒక్క సెకను మానినను అది నిలువజాలదు.

చక్రమంత పెద్దదిగా నుండుటకు కారణమిది. త్రోపు యొక్క బలము గాలి బరువును బట్టియు, దాని వేగమును బట్టియు నుండును. కాని దానికగు శ్రమ వేగము రెట్టింపైనచో నాలుగింతలగును. పది గంపల గాలిని మెల్లగా త్రోసినను, అయిదు గంపల గాలిని రెట్టింపు వేగముతో త్రోసినను త్రోపు ఒక్కటే. రెండవ పనికి శ్రమ మాత్రము రెండింతలు. కావున ఎక్కువ గాలిని మెల్లగా త్రోయుటయే పొదుపు. అందులకే పెద్ద చక్రము.

ఱెక్క వాలు

హెలికాప్టరుపై తిరుగుచున్న దానిని మనము పంఖా యనుచున్నాము గాని, నిజమునకు దాని ప్రతి ఆకును విమానపు ఱెక్కయే. విమానము తన ఱెక్కలతో బాటు తానును పరుగెత్తవలెను. హెలికాప్టరు తాను కదలక ఱెక్కలను మాత్రమే గుండ్రముగా పరుగెత్తించును. ఆ ఱెక్క కొనల వేగము సెకనునకు సుమారు 200 మీటర్లు.

ఱెక్క ముందంచు ఒకింత పైకి లేచి వాలుగా నుండును. అది గాలిని కోసికొని పోవునప్పుడు, గాలి దాని వాలును అనుసరించి క్రిందికి మళ్ళును. అపుడు ఱెక్క పైభాగమున గాలి ఒత్తిడి తగ్గి, క్రిందిభాగమున హెచ్చును. ఈ రెండింటి భేదమే ఱెక్కను పైకెత్తు బలము. ఒత్తిడి భేదమనినను, గాలిని క్రిందికి త్రోయుటయనినను ఒక్క సంగతినే రెండు విధముల చెప్పుట.

వాలు పెంచిన బలము హెచ్చును, తగ్గించిన తగ్గును. నడుపువాని యెడమచేతి వద్దనున్న మీట ఈ పని చేయును. దాని నెత్తినచో ఱెక్కలన్నియు ఒక్కసారిగా ఎక్కువ వాలును పొంది యంత్రము పైకి లేచును. దించినచో క్రిందికి దిగును. కాని వాలునకు మేర గలదు. మితిమీరి వాల్చినచో గాలి ఱెక్కను అంటక విడిపోయి, ఎత్తు బలము నశించును. నాగలి మితిమీరి లోతునకు దించినచో ఎడ్లు నిలిచిపోవునట్లే యిదియు.

తోక పంఖా యేల?

గుండ్రని పుట్టిలో ఏరు దాటినవారు ఎఱుగుదురు. పుట్టిలో నిలిచి తెడ్డును ఒక ప్రక్కకు బలముగా త్రిప్పినచో, పుట్టి రెండవ ప్రక్కకు తిరుగును. అట్లే ఇంజను పై చక్రమును ఒక దిక్కునకు త్రిప్పుచుండగా, హెలికాప్టరు దేహము వ్యతిరేక దిక్కునకు తిరుగజూచును. దానిని ఆపుటకే తోక చివర చిన్న పంఖా నిలువుగా నమర్చిరి. అది గాలిని ప్రక్కకు త్రోసి తోకను నిలిపియుంచును. నడుపువాడు కాళ్ళ క్రింది తొక్కుడు పలకలతో దాని బలమును మార్చి, ముఖమును కావలసిన దిక్కునకు త్రిప్పుకొనును.

ఈ యమరికను చక్కగా సాధించి చూపినవాడు ఈగోర్ సికోర్‌స్కీ. ఆయన అమెరికా దేశమున నిర్మించిన యంత్రము 1939 సెప్టెంబరు 14వ తేదీన త్రాళ్ళతో కట్టబడియుండగనే మొదటిసారి నేల విడిచినది. 1940 మే నెలలో త్రాళ్ళు లేక యెగిరినది. రష్యావారి కామోవ్ హెలికాప్టర్లు వేఱొక ఉపాయమును అవలంబించినవి. వాటికి ఒకే నడిమి ఇరుసుపై రెండు చక్రములుండి, ఒకటి కుడికి, ఒకటి యెడమకు తిరుగును. ఒకదాని త్రిప్పుడును మఱియొకటి కొట్టివేయును గనుక తోక పంఖాతో పని లేదు.

పొలములపై మందు చల్లు డ్రోను దీనికి చిన్న చుట్టమే. నాలుగో ఆఱో పంఖాలలో సగము ఒక దిక్కునకు, సగము రెండవ దిక్కునకు తిరుగును. అందు ఱెక్క వాలు మారదు. పంఖాల వేగమే మారును. క్రిందికి త్రోయబడు గాలి మందు తుంపరలను ఆకుల సందులలోనికి దింపును. కాని ప్రక్కగాలి వీచుచుండగా చల్లినచో ఆ మందే పొరుగువాని చేనిపై పడును. ఆ లాభమునకు, ఈ నష్టమునకు గాలియే మూలము.

ముందునకు పోవుట

నడుపువాని కుడిచేతిలో మఱియొక కఱ్ఱ యుండును. దానిని ముందునకు త్రోసినచో ప్రతి ఱెక్కయు వెనుక భాగమునకు వచ్చునప్పుడు పైకి లేచునట్లును, ముందు భాగమునకు వచ్చునప్పుడు క్రిందికి దిగునట్లును వాలు మారుచుండును. చక్రమంతయు ముందునకు వంగును. అపుడు గాలి కొంత క్రిందికి, కొంత వెనుకకు త్రోయబడును. యంత్రము ముందునకు సాగును. వెనుకకు, ప్రక్కలకు పోవుటయు ఇట్లే.

ఇందొక చిక్కు గలదు. యంత్రము గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. అది సెకనునకు సుమారు 55 మీటర్లు. ఎదురుగాలిలోనికి దూసికొని వచ్చు ఱెక్క కొనకు 255 మీటర్ల గాలివేగము తగులును. వెనుకకు పోవు ఱెక్కకు 145 మీటర్లే. ఒక ప్రక్క బలము హెచ్చి, మఱియొక ప్రక్క తగ్గి యంత్రము బోర్లపడవలసినదే. స్పెయిను దేశీయుడైన హువాన్ ద లా సియెర్వా తన యంత్రములు ఈ దోషముచే ఒరిగిపడగా, ఱెక్కల మొదట కీలు పెట్టి, అవి పైకి క్రిందికి స్వేచ్ఛగా ఆడునట్లు చేసెను. 1923లో ఆయన యంత్రము చక్కగా ఎగిరినది. ఎక్కువ గాలి తగులు ఱెక్క కొంచెము పైకి లేచి తన బలమును తానే తగ్గించుకొనును. అయినను వేగము మితిమీరినచో వెనుకకు పోవు ఱెక్క పట్టు తప్పును. హెలికాప్టరు విమానమంత వేగముగా పోజాలకుండుటకు ఇదియొక ముఖ్య కారణము.

ఇంజను ఆగినచో

ఇంజను ఆగినంతనే హెలికాప్టరు రాయివలె పడునని పలువురు తలతురు. అది నిజము గాదు. మన్యపు అడవులలో గుగ్గిలము చెట్టు కాయ చెట్టునుండి రాలునప్పుడు చూడుడు. ఱెక్కలున్నందున అది గిరగిర తిరుగుచు మెల్లగా దిగును. హెలికాప్టరు నడుపువాడును అట్లే యెడమచేతి మీటను వెంటనే దించి ఱెక్కల వాలును తగ్గించును. యంత్రము దిగుచుండగా క్రిందనుండి వచ్చు గాలియే చక్రమును త్రిప్పుచుండును. నేల సమీపించినప్పుడు మీట నెత్తి, చక్రమున నిలువయున్న త్రిప్పుడును వ్యయము చేసి మెల్లగా వాలును.

కాని దీనికి ఎత్తైనను ఉండవలెను, ముందునకు పోవు వేగమైనను ఉండవలెను. వఱదనీటిపై కొలది ఎత్తున కదలక నిలిచి, త్రాడు దించి మనుష్యులను ఎత్తుచున్న హెలికాప్టరునకు ఈ రెండును చాలవు. కనుకనే ఆ పని యంత్రమునకు మిక్కిలి గండమైన పని. మనకు త్రాడందించువారు తమ ప్రాణములను పణముగా నొడ్డుచున్నారని గ్రహింపవలెను. మన తొందరపాటువలననో, వాదులాటవలననో జరుగు ప్రతి నిమిషపు ఆలస్యమును వారి గండమును పొడిగించును.

గాలి అడుగు వెల

గాలి ఊరక మోయదు, వెల అడుగును. నిలుకడగా నిలుచుట సాధారణ వేగముతో పోవుటకంటె కష్టము. పోవునప్పుడు ప్రతి క్షణమును క్రొత్త గాలి దొరకును. నిలిచినచో తాను క్రిందికి త్రోసిన గాలిలోనే పనిచేయవలెను. నేలకు మిక్కిలి దగ్గరగా నిలిచినచో క్రిందికి పోవు గాలిని నేల అడ్డగించుటచే శ్రమ కొంత తగ్గును. పైకి పోయినకొలది ఆ సాయము లేదు. ఎండకు వేడెక్కిన గాలి పలుచన. 15 డిగ్రీల చలిలోని గాలికంటె 40 డిగ్రీల ఎండలోని గాలి బరువు నూటికి 8 వంతులు తక్కువ. ఆ మేరకు హెలికాప్టరు బలమును తగ్గును.

చేతక్ నిండు బరువులో సగమునకు మించి యంత్రము బరువే. మిగిలినదానిలో నడుపువారు, నూనె, త్రాడు, సరంజామా పోగా నలుగురైదుగురకే తావుండును. ఒక్కరు ఎక్కువైనచో ఒకింత నూనె తగ్గవలెను. "ఇంకొకరిని ఎక్కించుకొనరాదా?" యని మనము బ్రతిమాలుకొనినప్పుడు వారు కాదనుట నిర్దయచే గాదు. అది గాలి చెప్పిన లెక్క.

ఆ గాలి ఎంత బలమైనదో తెలియుటకు మఱియొక లెక్క. మన వాయుసేన వాడు ఎం.ఐ.-17 అను పెద్ద హెలికాప్టరునకు అయిదు ఱెక్కలు. చక్రపు అడ్డుకొలత 21 మీటర్లకు పైన. నిండు బరువు 13,000 కిలోలు. అది నిండు బరువుతో నిలిచినప్పుడు క్రిందికి దిగు గాలి వేగము గంటకు 85 కిలోమీటర్లకు మించును. 62 కిలోమీటర్ల గాలిని వాతావరణ శాఖవారు తుపాను గాలి యని లెక్కింతురు. అనగా తుపాను వెలిసిన పిదప వచ్చు రక్షకుడు తనతోబాటు ఒక చిన్న తుపానును తెచ్చుచున్నాడు.

వఱదలో చూచిన సంగతులు

హెలికాప్టరు త్రాడుతో మనుష్యులను ఎత్తి రక్షించుట 1945 నవంబరు 29వ తేదీనాడే జరిగినది. అమెరికా తీరమున గాలివానలో చిక్కిన ఒక నూనె పడవనుండి ఇరువురను అట్లు కాపాడిరి. మన నాట 2021 నవంబరు 19వ తేదీన, నాటి అనంతపురము జిల్లాలో చిత్రావతి పొంగి పదిమంది యేటి నడుమ మట్టి త్రవ్వు యంత్రముపై చిక్కుకొనగా, వాయుసేనవారి ఎం.ఐ.-17 వచ్చి ఆ పదిమందిని రక్షించినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగినప్పుడు హెలికాప్టర్లు అన్నపు పొట్లములను, నీటిని జారవిడిచినవి.

అయినను తుపాను వీచుచుండగా హెలికాప్టరు వచ్చునని ఎవ్వరును తలపరాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖపట్టణమును తాకినప్పుడు విమానాశ్రయ భవనమే పాడైనది. కన్నుకాననట్టి వానలో, దిక్కు మార్చు గాలిలో ఏ యంత్రమును నిలువజాలదు. గాలి తగ్గిన పిదపనే అది రాగలదు.

వచ్చినను ఎందరిని తీసికొనిపోగలదు? ఆఱువందల జనముగల గ్రామమును అనుకొందము. తడవకు అయిదుగురు చొప్పున చేతక్ నూట ఇరువది సారులు తిరుగవలెను. ఇరువదినలుగురు చొప్పున పెద్ద హెలికాప్టరైనను ఇరువదియైదు సారులు. ముందునాడు పండ్రెండు బస్సులు వచ్చినచో గ్రామమంతయు ఒక్కమారే వెడలిపోగలదు. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. హుద్‌హుద్ నాడు లక్షలాది జనమును ముందుగనే తరలించిరి గనుక ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది. ఆ జనమును కాపాడినది ముందుగా కదలిన కాళ్ళే. "ఎట్లును హెలికాప్టరు వచ్చునుగదా" యని ఇల్లు పట్టుకొని కూర్చుండుట గొప్ప పొరపాటు. అది దారి తప్పినవారికి, దారి మూసికొనిపోయినవారికి మాత్రమే.

మనము చేయవలసినది

అట్టి దినమే వచ్చినచో ఈ క్రింది సంగతులను ప్రతి సభ్యుడును జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఒకటి. తుపానుల కాలమునకు ముందే, మెఱకయై సమముగానుండి, కరెంటు తీగెలు, చెట్లు లేని విశాలమైన కళ్ళమునో, పాఠశాల బయలునో చూచుకొని అధికారులకు తెలుపవలెను. తీగెలు పైనుండి చూచువారికి అగపడవు.

రెండు. ఆ తావున రేకులు, పట్టాలు, గడ్డి, ఖాళీ సంచులు ఉండరాదు. తుపాను గాలితో సమానమైన గాలికి రేకు కత్తియగును. పాక కప్పుపై ఎవ్వరును ఎక్కరాదు. పశువులను దూరముగా తోలవలెను.

మూడు. సాయము కావలెనన్నచో రెండు చేతులను పైకెత్తి చాచి నిలువవలెను. రాత్రివేళ టార్చిలైటును నడుపువాని కన్నులపై వేయరాదు.

నాలుగు. యంత్రము వాలినను సిబ్బంది చేసన్న చేయువఱకు కదలరాదు. నడుపువానికి కనబడునట్లు ముందు వైపునుండి, నడుము వంచి పోవలెను. తోక వైపునకు ఎన్నడును పోరాదు. తిరుగుచున్న తోక పంఖా కంటికి ఆనదు. మిట్టనుండి దిగుచు సమీపింపరాదు. ఆ ప్రక్క ఱెక్కలు నేలకు దగ్గరగా నుండును. భుజముపై కఱ్ఱగాని, గొడుగుగాని ఉండరాదు. తలగుడ్డను, పైటకొంగును బిగించుకొనవలెను.

అయిదు. పైనుండి త్రాడు దిగినచో కొక్కెమును నేలకో నీటికో తాకనిచ్చిన పిదపనే పట్టుకొనవలెను. ఎగురు యంత్రమున విద్యుత్తు చేరియుండి చేతికి దెబ్బ కొట్టును. ఆ త్రాడును చెట్టునకుగాని, పడవకుగాని, ఇంటి దూలమునకుగాని ఎన్నడును కట్టరాదు. కట్టినచో యంత్రమును, మనమును కూడ నశింతుము.

ఆఱు. ఎవరు ముందు, ఎవరు వెనుక యను సంగతిని గ్రామము ముందే నిర్ణయించుకొనవలెను. రోగులు, గర్భిణులు, పిల్లలు, వృద్ధులు ముందు. సామాను వలదు. ఒక పెట్టె బరువు ఒక బిడ్డ బరువునకు సమానమని తలంపవలెను.

మన సహకార సంఘము యొక్క మూలసూత్రమేమి? ఒక్కనికి మోయరాని బరువును పదుగురు పంచుకొని మోయుట. ఆకాశమున నిలిచిన యంత్రమును అట్లే తన బరువును లెక్కలేనంత గాలిపై పంచి మోపుచున్నది. దాని బలమునకు మితి గలదు. మన ఐకమత్యమునకు లేదు. కావున ప్రతి సంఘమువారును వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ సంగతులను చదివి వినిపించి, దిగుటకు తగిన స్థలమును నిర్ణయించి, మొదట బయలుదేరవలసిన యిండ్ల పట్టికను వ్రాసియుంచుకొందురు గాక.